మోగకూడని వారి జాబితా

ఇకమీదట ఈ గ్రంథాలయం నుంచి అనుమతి లేకుండా ఒక్క కాగితం కూడా బయటికి పోదని మంత్రిగారు ప్రకటించారు. ఆ మాట అంటుండగానే ఆయన ప్రసంగంలో మూడో పేజీ గాలికి ఎగిరి కిటికీలోంచి బయటపడింది. రెండు తర్వాత నాలుగు చదివారు. ఎవరూ కనిపెట్టలేదు కాబట్టి సభ జయప్రదమైంది.

లైబ్రేరియన్ మాత్రం కనిపెట్టాడు. కనిపెట్టి, నోరు మూసుకుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. తన వెన్నెముక అట్ట ఊడిన పుస్తకంలా ఎప్పుడో వదులైపోయిందని ఆయనకు బాగా తెలుసు.

గుమ్మానికి అటూ ఇటూ నిలబెట్టిన కొత్త గేటు సంగతి మెకానిక్ విడమరిచి చెప్పాడు. "ప్రతి పుస్తకంలో సన్నటి అయస్కాంతపు పట్టీ దాచామండీ. గేటు పలకరిస్తుంది, పట్టీ బదులిస్తుంది, బజర్ మోగుతుంది. పుస్తకం ఇచ్చేటప్పుడు ఈ పలక మీద ఒకసారి రుద్దితే పట్టీ నిద్రపోతుంది. ఇక మోగదు."

మంత్రిగారు ముచ్చటపడి, చేతికందిన పుస్తకం చంకన పెట్టుకుని కారు వైపు నడిచారు. బజర్ లబోదిబోమంది. పీఏ ముఖాన నెత్తురు చుక్క లేదు.

"మంత్రిగారిని పట్టుకుని మోగుతుందేమిటయ్యా?"

"మోసేది ఎవరో పట్టీకి తెలీదు సార్."

"తెలిసేలా చెయ్యి."

"అది మిషన్ సార్. మర్యాద నేర్పడం నా వల్ల కాదు."

సాయంత్రానికల్లా మోగకూడని వారి జాబితా వచ్చింది. మంత్రిగారు, పీఏ, పీఏ బావమరిది, బావమరిది స్నేహితులు కలిపి నలభై ఒక్కరు. లైబ్రేరియన్‌కు నోరూరింది. పుట్టి బుద్ధెరిగాక ఏ గుమ్మం దగ్గరా ఆయన్ను ఆపకుండా పంపినవాడు లేడు. నలభై రెండో పేరు తనదైతే చాలు, జన్మ ధన్యం.

"సార్, పట్టీలు పుస్తకాల్లోంచి తీసేసి సభ్యత్వ కార్డుల్లో పెడదాం. జాబితాలో ఉన్నవాళ్ల కార్డుల్లో పెట్టొద్దు. సరిపోతుంది," అన్నాడు.

పీఏ ఆయన్ను కౌగిలించుకున్నాడు. "ఇంత బుర్ర పెట్టుకుని ఈ దుమ్ములో ఏం చేస్తున్నారండీ?"

"జాబితాలో కింద కాస్త చోటుంటే..."

"చూద్దాం."

పథకం దివ్యంగా పనిచేసింది. సామాన్య పాఠకులు ఉత్త చేతులతో వెళ్తున్నా బజర్ మోగింది. ఒక రిటైర్డ్ మాస్టారు జేబులు తిరగేసి, కళ్లజోడు పెట్టె తెరిచి చూపించి, గేటుకు క్షమాపణ చెప్పి వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఆ రోజు లైబ్రేరియన్‌కు అన్నం సహించలేదు. రాత్రి కూడా సహించలేదు గానీ, తిన్నాడు.

నలభై ఒక్కరు మాత్రం కార్లేసుకుని వచ్చి గోతాలతో పట్టుకెళ్లారు. గేటు కిక్కురుమనలేదు. దొంగతనాలు సమూలంగా అంతరించాయని నివేదిక వెళ్లింది. మంత్రిగారికి ఉత్తమ పాలనా పురస్కారం వచ్చింది.

లైబ్రేరియన్ కార్డులోనూ పట్టీ ఉంది. రోజూ ఇంటికెళ్లేటప్పుడు మోగేది. వాచ్‌మన్ రోజూ ఆయన టిఫిన్ డబ్బా మూత తీసి వాసన చూసేవాడు. లైబ్రేరియన్ తన తెలివికి తనే దణ్ణం పెట్టుకుని చేతులు పైకెత్తి నిలబడేవాడు.

నాలుగో నెలలో పీఏ మాట నిలబెట్టుకున్నాడు. నలభై రెండో పేరు చేరింది, పట్టీ లేని కార్డు వచ్చింది. లైబ్రేరియన్ గేటు దాటాడు. మోగలేదు. వెనక్కొచ్చి మళ్లీ దాటాడు. వాచ్‌మన్ లేచి సెల్యూట్ కొట్టాడు. ఆయన కళ్లు చెమర్చాయి. అయినా ఉత్త చేతులతో దాటితే ఏం గొప్ప? అలమరలన్నీ వెతికితే ఓ మూల లావుపాటి పుస్తకం ఒకటి మిగిలి ఉంది. చంకన పెట్టుకుని దాటాడు. గేటు అతి గౌరవంగా ఊరుకుంది.

ఇంట్లో భార్య పుస్తకం తిరగేసి, గ్రంథాలయం ముద్ర చూసి నిర్ఘాంతపోయింది. "చీటీ లేదు, సంతకం లేదు. ఇన్నేళ్లొచ్చి ఇప్పుడు దొంగతనం చేశారా?"

ఆయనకు నిజంగానే కోపం వచ్చింది.

"ఎవరన్నారే దొంగతనమని? మోగిందా?"