కింది అంతస్తు రోగం

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునదేమనగా, సెలవుల విభాగము సోమవారము నుండి నాలుగో అంతస్తులో పనిచేయును. మెట్లెక్కుటకు అడ్డువచ్చు రోగము గలవారు ధ్రువపత్రము సమర్పించి కిందనే కూర్చొనవచ్చును. అబద్ధమాడువారు ఆఫీసుకు చీడపురుగులు."

చివరి వాక్యం ఆఫీసరుగారు స్వహస్తంతో చేర్చారు.

ఆ ఆఫీసులో లిఫ్టు లేదనకూడదు. ఉంది. పదకొండేళ్లుగా మరమ్మతులో ఉంది. 'మరమ్మతులో ఉన్నది' అనే బోర్డుకు మాత్రం ఈలోగా రెండుసార్లు రంగు వేశారు.

సర్క్యులర్ చదివిన సెలవుల బాబాయికి గుండె జారిపోయింది. ఇరవై ఏడేళ్లుగా ఆఫీసులో ఎవరికి జ్వరమొచ్చినా ఆ కాగితం ఆయన చేతిమీదుగానే పోవాలి గనుక ఆయనకా పేరు. కిటికీ పక్కనున్న కుర్చీ ఆయనది. నెత్తిమీద ఫ్యాను, చెయ్యి చాపితే టీ. ఆ కుర్చీ ఏనాడో ఆయన వీపు ఆకారంలోకి వచ్చేసింది. దాన్ని వదిలి నాలుగంతస్తులు ఎక్కాలా!

మరి రోగమేదీ? ఉన్నదల్లా ఛాతీలో మంట. అది ఆఫీసులో సగంమందికి ఉంది. దాన్ని రోగమంటే ప్యూను కూడా నవ్వుతాడు.

అయితే ఇన్నేళ్ల అనుభవం ఊరికే పోలేదు. జ్వరమని రాస్తే ఎన్ని డిగ్రీలని అడుగుతారు. నడుంనొప్పి అంటే నాకూ ఉందయ్యా అంటారు. నోరు తిరగని పేరు రాశామా, చదవకుండా సంతకం పెట్టేస్తారు! తెలియదని గుమాస్తా ముందు ఒప్పుకోవడం ఏ అధికారికి ఇష్టం?

బాబాయి పాత ఫైళ్లన్నీ తిరగేసి ఒక మాట ఏరుకున్నాడు. హైపోక్లోర్‌హైడ్రియా! పొట్టలో ఉండవలసినంత ఆమ్లం లేకపోవడమని అర్థం. వీధి చివరి డాక్టరు అడిగింది అడిగినట్టు రాసిచ్చాడు. ఆఫీసరుగారు అదురూ బెదురూ లేకుండా సంతకం పెట్టారు.

"అంటే గ్యాసేగా బాబాయ్?" అంది టైపిస్టు.

"గ్యాసా! అందరూ ఆమ్లం ఎక్కువై ఏడుస్తారమ్మా. నాకు తక్కువై ఏడుపు. తిన్నది అరగదు. అరగనివాడు మెట్లెక్కితే ఏమవుతుందో తెలుసా?"

"ఏమవుతుంది?"

"ఎవరికీ తెలియదు! అదే ప్రమాదం."

ఆ రోజు నుంచి బాబాయి నడక మారిపోయింది. తేన్పు వస్తే కూడా కళ్లు మూసుకుని, గంభీరంగా తేన్చేవాడు. ఆఫీసరుగారు మీటింగులో ఆయన్ని లేపి నిలబెట్టి, "ఇంత రోగం పెట్టుకుని పనిచేస్తున్నాడు, చూసి నేర్చుకోండి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక ఇంట్లో సంగతి. ఏడేళ్లుగా బాబాయి పొద్దున్నే పరగడుపున ఆమ్లం తగ్గించే మాత్ర ఒకటి మింగుతాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆఫీసు బీరువా వెనక్కి వెళ్లి గులాబిరంగు బిళ్లలు రెండు చప్పరిస్తాడు.

"ఏమండీ," అంది భార్య ఒకనాడు, "ఆమ్లం లేదు లేదని ఊరంతా టాంటాం వేస్తారు. ఉన్నదాన్ని చంపడానికి పొద్దున్నే మాత్ర వేసుకుంటారు. ఇదేం వైద్యమండీ?"

"గట్టిగా అనకే! అది ఇంటి రోగం. ఇది ఆఫీసు రోగం."

రెండు నెలల్లో ఆఫీసు రోగం మరో పద్దెనిమిది మందికి అంటుకుంది. నాలుగో అంతస్తులో ఫైళ్లూ, ఒక పావురమూ మిగిలాయి. ఆఫీసరుగారికి అనుమానం వచ్చి, అందరినీ వైద్య పరీక్షకు పంపుతానన్నారు. ఆ మధ్యాహ్నానికే పద్దెనిమిది మందికీ నయమైపోయింది! బాబాయికి మాత్రం నయమయ్యే దారి లేదు. చప్పట్లు కొట్టించుకున్నవాడు రాత్రికి రాత్రి బాగుపడితే ఏం బాగుంటుంది?

"మందులేమైనా వాడుతున్నారా?" అడిగింది ఆసుపత్రిలో డాక్టరమ్మ. పక్కనే ఆఫీసరుగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"అబ్బే! మాత్ర అంటే ఎలా ఉంటుందో కూడా తెలియదు తల్లీ."

ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, పొట్టలోని నీళ్లు తీసుకుపోయారు. బాబాయి తన కుర్చీని మనసులోనే చివరిసారి తడిమి చూసుకున్నాడు.

డాక్టరమ్మ మొహం ముడుచుకుని తిరిగొచ్చింది. "నిజమేనండీ. మీ పొట్టలో ఆమ్లం బొత్తిగా లేదు."

"నిజంగానా!" అన్నాడు బాబాయి. రోగి అనవలసిన మాట కాదని వెంటనే నాలిక కరుచుకున్నాడు.

"ఏ మందూ వాడకుండా ఇంతలా తగ్గిందంటే మామూలు విషయం కాదు. మెట్ల మాట అటుంచండి, అసలు ఉద్యోగానికే పనికిరారని రాయాలి. ఇవాళే ఇంటికి వెళ్లిపోండి." కలం తీసింది.

కుర్చీ దక్కింది, ఉద్యోగం పోయింది! బాబాయి గబుక్కున లేచి జేబులు తిరగేశాడు. బల్లమీద మాత్రలు జలజలా రాలాయి. చొక్కా జేబులోంచి గులాబిరంగువి, ప్యాంటు జేబులోంచి తెల్లవి, కళ్లజోడు పెట్టెలోంచి గొట్టం మాత్రలు.

"ఏడేళ్లుగా వాడుతున్నానమ్మా! తక్కువ కాదు తల్లీ, నాది ఎక్కువే! నన్ను నమ్ము!"

డాక్టరమ్మ మాత్రలకేసి చూసింది, ధ్రువపత్రంకేసి చూసింది. "ఆమ్లాన్ని మీరే చంపేసి, లేదని కాగితం తెచ్చుకున్నారా?" నవ్వు ఆపుకుంటూ రాసింది: మాత్రలు నెమ్మదిగా మాన్పించాలి. తిండి తగ్గించాలి. మెట్లెక్కితే మంచిది.

"ఎన్ని అంతస్తులు?" అన్నారు ఆఫీసరుగారు.

"నాలుగు చాలు."

ఆ సాయంత్రం ఆఫీసరుగారు చీడపురుగుల మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చారు. తర్వాత కిటికీ పక్క కుర్చీని తన గదిలో వేయించుకున్నారు.

నెల తిరిగింది. ఆరోగ్యం పేరు చెప్పే అర్జీలన్నీ సెలవుల విభాగం అభిప్రాయం రాశాకే పైవారికి వెళ్లాలి గనుక, నాలుగో అంతస్తుకు ఒక ఫైలు ఎక్కింది. కొండమీది శాఖకు బదిలీ అయిన ఒక అధికారి, తాను కదలలేనని మొరపెట్టుకున్నారు. రోగం: హైపోక్లోర్‌హైడ్రియా. జతపరచినది: వీధి చివరి డాక్టరు ధ్రువపత్రం. కింద, అర్జీదారు అన్నచోట, ఆఫీసరుగారి సంతకం.

బాబాయి ఆ కాగితాన్ని పావురానికి కూడా ఒకసారి చూపించాడు. తర్వాత ముత్యాల్లాంటి అక్షరాలతో అభిప్రాయం రాశాడు:

"పూర్వోదాహరణను అనుసరించి, అర్జీదారుగారి జేబులు ముందుగా తనిఖీ చేయవలెను."