పంతొమ్మిది మెట్ల రాజీ

నలభై మూడేళ్ళ వయసులో, పద్దెనిమిదేళ్ళ ప్రాక్టీసు తరవాత, లాయరుగారు బిజినెస్ స్కూల్లో చేరాలని నిర్ణయించుకున్నారని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది.

ఈ నిర్ణయానికి మూలకారకుడు ఆయన బావమరిది. లా పరీక్ష ముమ్మారు తప్పిన ఆ బావమరిది ఆపైన రెండేళ్ళు బిజినెస్ చదివి, ఇప్పుడొక కంపెనీలో వైస్ ప్రెసిడెంటుగా వెలుగుతున్నాడు. ఆ కంపెనీలో వైస్ ప్రెసిడెంట్లే ముప్ఫై ఒక్కమంది ఉన్నారు కాబట్టి పనికి కొరత తప్ప మనుషులకు కొరత లేదు. అతనికి అద్దాల గది ఉంది. లాయరుగారికున్నది కోర్టు వరండాలో మూడు కాళ్ళ బల్ల. నాలుగో కాలి బాధ్యత రద్దయిన చట్టాల పుస్తకాలు మోస్తున్నాయి.

"ఈ వయసులో చదువేంటండీ?" అంది భార్య. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. మొదలుపెట్టిన పని ఒక్కటైనా పూర్తిచేశానన్న తృప్తి లేకుండానే తన జీవితం గడిచిపోతోందని ఆయన చెప్పుకున్నారు. ఆ మాటలోని బాధ మాత్రం నిజమైనదే. ఆవిడ ప్రవేశ పరీక్షకని లెక్కల పుస్తకం తెచ్చి ముందు పెట్టింది.

ఇద్దరు కూలీలు ఆరు రోజుల్లో చేసే పనిని ముగ్గురు ఎన్ని రోజుల్లో చేస్తారని ఆ పుస్తకం అడిగింది. కూలీల మధ్య ఒప్పందం రాతపూర్వకమా, నోటిమాటా అన్నది తేలనిదే తాను నోరు విప్పేది లేదని లాయరుగారు భీష్మించారు. అదృష్టం కొద్దీ ప్రవేశ పరీక్షలో, ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందా లేదా అని అడిగే విభాగం ఒకటుంది. సరిపోదనడం ఆయనకు వృత్తిరీత్యా అబ్బిన విద్య. అన్నిటికీ అదే జవాబు పెట్టి అగ్రశ్రేణిలో నెగ్గారు.

తరవాత దరఖాస్తు. మీ నాయకత్వ లక్షణాలు వివరించమంటే, దరఖాస్తుదారుకు అవి లేవన్న ఆరోపణ నిరాధారమనీ, నిరూపించే భారం ఆరోపించినవారిదేననీ రాశారు. దాన్ని దిద్దడానికి ఒక కన్సల్టెంటు అమ్మాయిని పెట్టుకున్నారు. ఉద్యోగానుభవం గురించి ఎలా రాయాలో నేర్పడం తప్ప ఆ అమ్మాయికి వేరే ఉద్యోగానుభవం లేదు. ఓపికగా అన్నీ దిద్దింది. మూడో ప్రశ్న దగ్గర బండి ఆగింది. మీరు స్వయంగా పరిష్కరించిన సమస్య ఒకటి రాయాలట.

లాయరుగారు రెండు రోజులు ఆలోచించారు. ఆయన చేతిలో నాలుగు వందల ఫైళ్ళున్నాయి. వాటిలో ముగిసినవి కొన్ని లేకపోలేదు గానీ, అవి కక్షిదారు పోయో కాగితాలు పోయో ముగిసినవి.

"ఒక్కటైనా ఉండదా సార్?" అంది ఆ అమ్మాయి.

"సమస్యల్ని పరిష్కరించడం మా పని కాదమ్మా. నడిపించడం."

"గడువింకా తొమ్మిది రోజులుంది. ఒకటి పరిష్కరించేసి రండి," అంది.

లాయరుగారు తన ఫైళ్ళలోకెల్లా లావుపాటిది బయటికి తీశారు. అది ఇద్దరు అన్నదమ్ములది. అన్న టైలరు, కింది అంతస్తు. తమ్ముడు గడియారాలు బాగుచేస్తాడు, పై అంతస్తు. తండ్రి వీలునామాలో అంతస్తులు పంచాడు గానీ మధ్యనున్న మెట్ల మాట మరిచిపోయాడు. కేసు తేలేదాకా ఆ మెట్ల మీద ఎవరూ కాలు మోపరాదని కోర్టు ఉత్తర్వు. పద్నాలుగేళ్ళుగా తమ్ముడి సంసారం నిచ్చెన మీద రాకపోకలు సాగిస్తోంది. మొన్న ఫ్రిజ్ కొంటే తాడు కట్టి పైకి లాగారు. అన్న సాయం పట్టలేదు గానీ, కిటికీలోంచి చూస్తూ ముడి సరిగ్గా పడలేదని గొణిగాడు.

ఆదివారం మధ్యాహ్నం లాయరుగారు వాళ్ళింటికి వెళ్ళారు. ఉత్తర్వులో కాలు మోపరాదని మాత్రమే ఉంది కాబట్టి చేతుల మీదా మోకాళ్ళ మీదా పాకుతూ పదో మెట్టు చేరి, దుమ్ము దులిపి చతికిలబడ్డారు. కింద అన్న, పైన తమ్ముడు నిలబడ్డారు. ఆయన మూడు సెక్షన్లు చదివారు. ఎవరూ కదల్లేదు. చివరికి విసుగొచ్చి, ఈ మెట్లు మీకెందుకయ్యా అని అడిగేశారు. పద్నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"నాకెందుకు సార్? నేను పైకి ఎక్కనే ఎక్కను," అన్నాడు అన్న.

"నాకూ నిచ్చెన అలవాటైపోయింది," అన్నాడు తమ్ముడు.

మెట్లు పంతొమ్మిది. బేసి మెట్లు అన్నకు, సరి మెట్లు తమ్ముడికి, ఒకరి మెట్టు మీద ఇంకొకరు నడవడానికి శాశ్వత అనుమతి. తనకో మెట్టు తగ్గిందని తమ్ముడు అలిగితే మెట్ల పక్కన పట్టుకునే కమ్మీ కూడా అతనికే రాశారు. గంటలో సంతకాలైపోయాయి. తమ్ముణ్ణి దగ్గర్నుంచి చూసిన అన్న, "ఒరేయ్, నీ జుట్టెప్పుడు నెరిసిందిరా?" అని అడిగాడు. ఒళ్ళంతా ఏదో తేలికైనట్టు లాయరుగారికి అనిపించింది. ఇంటికొచ్చి, 'తత్సంబంధిత' అన్న మాట ఒక్కసారీ వాడకుండా వ్యాసం పూర్తి చేశారు.

ఈ ఘాతుకం బయటపడగానే లాయర్ల సంఘం అత్యవసరంగా సమావేశమై, దివంగత ఫైలుకు రెండు నిమిషాలు మౌనం పాటించింది.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "మీ వ్యాసం మమ్మల్ని కదిలించింది. ఒక్క ప్రకటన లేకుండా, పద్నాలుగేళ్ళు క్రమం తప్పకుండా మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబం! అలాంటి విధేయత కోసం పెద్ద పెద్ద కంపెనీలు అంగలారుస్తున్నాయి. మీరు దాన్ని ఒక్క మధ్యాహ్నంలో, మెట్ల మీద కూర్చుని, చేజేతులా పోగొట్టుకున్నారు. మీలో మంచితనం ఉంది. దానికి మా దగ్గర కోర్సు లేదు."

సీటు రాలేదు. నెల తిరక్కుండా సమన్లు మాత్రం వచ్చాయి. తమ జీవన విధానానికి భంగం కలిగించారని అన్నదమ్ములిద్దరూ ఉమ్మడిగా లాయరుగారి మీద దావా వేశారు.

కోర్టు వరండాలో వాళ్ళు ఒకే బెంచీ మీద, ఒకే ఫ్లాస్కులోంచి టీ తాగుతూ కనిపించారు. ఇంత సఖ్యంగా ఉన్నారే, మరి ఈ కేసెందుకని ఆయన నిలదీశారు.

అన్న పక్కకు జరిగి చోటిచ్చాడు. "కూర్చోండి సార్. రాజీ అయ్యాక మూడు వారాలు మాకు మాట్లాడుకోవడానికి ఒక్క మాట దొరకలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం మీ గురించే మాట్లాడుకుంటున్నాం."

"మీ మీద కోపమేం లేదండి," అన్నాడు తమ్ముడు టీ అందిస్తూ. "రాజీ మాట మాత్రం ఎత్తకండి."

లాయరుగారు టీ తాగారు. బాగానే ఉంది.

ఆ అన్నదమ్ముల ఐకమత్యం చూసి ఊరంతా ముచ్చటపడుతోంది. ఏళ్ళ తరబడి మాటల్లేని తోబుట్టువులు అక్కడ ఇంకా చాలామందే ఉన్నారు. వాళ్ళంతా ఇప్పుడు కలిసి దావా వేయడానికి తగిన మంచి మనిషి కోసం వెతుకుతున్నారు. ఎవరి మధ్యనైనా రాజీ కుదర్చాలన్న సదుద్దేశం పాఠక మహాశయుల్లో ఎవరికైనా ఉంటే, పూర్తి చిరునామా స్పష్టంగా రాసి పంపగలరు. సమన్లు అందించేవారికి శ్రమ తగ్గుతుంది.