క్యాంపర్ కప్పు మీద వడియాలు

శుక్రవారం పొద్దున మునమ్మ అనుకున్న పని చాలా చిన్నది. కొడుకు శివం ఆదివారం కాన్‌బెర్రా వెళ్ళేలోపు వాడికి బూడిదగుమ్మడి వడియాలు పెట్టి ఇవ్వాలి. అంతే.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోయి పిచ్చెక్కిపోతాయట. వాటికి ముందుగానే బుద్ధి చెప్పే ఉద్యోగం శివంకి కాన్‌బెర్రాలో దొరికింది. అక్కడ ఉండడానికని ఎవరో వాడిన క్యాంపర్ ఒకటి కొని ఇంటిముందు నిలబెట్టాడు. ట్రక్కు వెనక తొట్టిలో కూర్చోబెట్టిన చిన్న గది అది. లోపల ఒక మంచం, ఒక పొయ్యి, కప్పులో గాలి కోసం ఒక చిన్న కిటికీ. దాన్ని చూస్తేనే మునమ్మకు గుండె జారిపోతోంది. ఫిజీలో సైన్యం గద్దెనెక్కిన గొడవల ఏడాది ఆ దేశం వదిలి సిడ్నీ వస్తూ, అక్కచెల్లెళ్ళను విమానాశ్రయంలో చూసిందే ఆఖరు. అప్పటినుంచీ శివం పాల కోసం వెళ్ళినా సరే, వాడు తిరిగొచ్చేదాకా ఆవిడ కిటికీ వదలదు. అలాంటిది ఇప్పుడు నెలల తరబడి!

"కారులో కొన్ని గంటలే కదమ్మా! ప్రతి వీకెండ్ వచ్చేస్తా," అన్నాడు శివం.

"మీ పెద్దమ్మ కూడా క్రిస్మస్ సెలవులకి వస్తానందిరా. ఎన్ని క్రిస్మస్‌లు పోయాయి?"

సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్‌లో వాళ్ళ పెరడంతా చెట్ల నీడ. క్యాంపర్ కప్పు మాత్రం తెల్లటి రేకు, అక్కడి నవంబరు వేసవి ఎండకి పెనంలా కాలుతోంది. కొడుకు, కోడలు రొనీత బయటికి వెళ్ళగానే మునమ్మ పిండిగిన్నె చంకన పెట్టుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తూ, క్యాంపర్ వెనకనున్న నిచ్చెన ఎక్కింది. పాత చీర పరిచి వరసలుగా వడియాలు పెట్టింది. దిగి చూసుకుంటే తనకే ముచ్చటేసింది. లోపలికి వెళ్ళి కాసేపు నడుం వాల్చింది.

లేచేసరికి కప్పు మీద కాకటూల సభ జరుగుతోంది. పసుపుపచ్చ జుట్టు నిక్కబొడుచుకున్న తెల్లటి పెద్ద చిలకలవి. పిండిలో పచ్చిమిరపకాయలు దండిగానే నూరింది కానీ, వాటికి చీమ కుట్టినట్టయినా లేదు.

"హుష్! నా కొడుకు కోసం పెట్టుకుంటే మీకెవరే విస్తరి వేసింది?" అంటూ చీపురు ఝళిపించింది. అవి బద్ధకంగా లేచిపోయాయి. చివరి దాని ముక్కున నల్లటి వానపాము లాంటిదేదో వేలాడుతోంది. వడియాలు పోయాయి. పిల్లలు నవ్వుతారని మునమ్మ చీర దింపి గుట్టుగా ఉతికేసింది. ఇంతలో ఉరుములూ మెరుపులతో వాన ముంచెత్తింది.

సాయంత్రం శివం క్యాంపర్ తలుపు తీస్తే పరుపు మీద చేపలు పెంచుకోవచ్చు. లోపలి కప్పు నీళ్ళు తాగి బొజ్జలా వేలాడుతోంది.

పక్కింటి అజ్మత్ పరుగున వచ్చాడు. హైదరాబాదు మనిషి. తనది కాని వస్తువేదైనా విప్పడమంటే మహా సరదా. "ఇది ఇయ్యాల్టి లీకు కాదు శివం భాయ్. పాతది. నీకు అమ్మినోడు పైన రంగేసి అంటగట్టిండు. లోపలంతా కుళ్ళి ఉంటది. గోడ ఇప్పుదాం పట్టు!"

ఒక పలక ఊడదీశారు. వెనక చెక్క నిక్షేపంగా ఉంది.

"చూసినవా, కుళ్ళు ఇంకా లోపలికి పోయింది!" అన్నాడు అజ్మత్. ఇంకో పలక ఊడింది. అక్కడా పొడిగానే ఉంది. అతని అనుమానం మరింత బలపడింది.

గుమ్మంలో నిలబడ్డ మునమ్మకు అప్పుడు వెలిగింది. ఆ నల్లటిది వానపాము కాదు, కప్పు కిటికీ చుట్టూ ఉండే రబ్బరు! చెబితే కొత్త రబ్బరు అతికించుకుని శివం ఆదివారం వెళ్ళిపోతాడు. చెప్పకపోతే? నోరు తెరిచింది. మరో పలక ఊడి కిందపడింది. నోరు మూసుకుంది. చీకటి పడేసరికి క్యాంపర్‌కు ఎముకలు మాత్రమే మిగిలాయి.

మర్నాడు శివం ఫోన్‌లో అరిచిన అరుపులకు, క్యాంపర్ అమ్మిన లెస్ అనే ముసలాయన వచ్చాడు. ఆ అస్థిపంజరం చుట్టూ ఒకసారి తిరిగాడు. గడ్డిలో పడున్న పలక ఒకటి తీసి చేత్తో తుడిచాడు.

"ఇవి మా ఆవిడ జీన్ ఎంచింది. తను బతికున్నన్నాళ్ళూ ఇందులోనే దేశమంతా తిరిగాం," అన్నాడు ఇంగ్లీషులో. "లీక్ ఉందని నాకు తెలీదు బాబూ. నమ్ము, నమ్మకపో. నేనే తిరిగి తీసుకుపోతాను."

మునమ్మ ఇక ఆగలేకపోయింది. "నో, మిస్టర్! నాట్ యూ! బర్డ్ ఈట్ మై వడియం! బర్డ్ ఈట్ యువర్ రబ్బర్!"

లెస్ కప్పెక్కి, కొరికిన రబ్బరుతోపాటు రేకుకి అంటుకున్న వడియమొకటి పట్టుకుని దిగాడు. నవ్వాపుకోలేక నిచ్చెన పట్టుకున్నాడు. "మరి గోడలన్నీ విప్పిందెవరు?" అన్నాడు చివరికి. అజ్మత్‌కు ఇంట్లో భార్య బాను పిలుస్తున్నట్టు వినబడింది.

"నిన్ననే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు శివం.

"చెబితే వెళ్ళిపోతావుగా!"

లెస్ చేతికి పని దొరికిందన్న హుషారుతో క్యాంపర్ బాగుచేయడానికి తీసుకుపోయాడు. శివం కాన్‌బెర్రాకి ఫోన్ చేశాడు. ఆ రెండువేల సంవత్సరం హడావిడిలో ఆఫీసువాళ్ళకు శనివారం సెలవులూ లేవు. ఉండడానికి చోటు లేదని చెబితే, కంపెనీ ఫ్లాట్ ఖాళీగా ఉంది, ఇంట్లోవాళ్ళను కూడా తెచ్చుకోమన్నారు.

"అమ్మా, బట్టలు సర్దుకో. నువ్వూ వస్తున్నావు."

మునమ్మ మొహం వెలిగిపోయింది. పెట్టె మూసేదాకా వెలుగుతూనే ఉంది. తర్వాత రొనీతను కావలించుకుని భోరుమంది. "నిన్నొదిలి ఎట్టా ఉండనే తల్లీ! ఒక్కదానివీ తలుపేసుకుంటావో లేదో!"

"అత్తా, ప్లీజ్, స్టాప్ ఇట్," అంటూనే రొనీత కూడా ముక్కు చీదింది. "నాకూ లీవ్ ఉందిలే. నేనూ వస్తా, సరేనా?"

ఆదివారం ఇంటికి తాళం వేసి ముగ్గురూ కారెక్కాక తెలిసింది, ఇంత ఏడ్చినా సాగనంపడానికి ఇంట్లో ఒక్కరూ మిగల్లేదని.