మండలానికో మానసిక వైద్యుడు

ఉగాదిలోగా మండలానికో మానసిక వైద్యుణ్ణి నియమిస్తామని మంత్రి ప్రేమ్‌చంద్ గారు మిర్చి రైతుల సభలో ప్రకటించారు. రైతులు అడిగింది ధర. ధర లేనప్పుడు కావలసింది ధైర్యమని గ్రహించే దూరదృష్టి అందరికీ ఉండదు.

అధికారులు జిల్లా అంతా గాలించి, చివరికి గుంటూరు బ్రాడీపేటలో సిద్దికాను పట్టుకున్నారు. ఆమె సైకాలజీలో ఎమ్మే ముగించి, క్లినికల్ శిక్షణలో సీటు కోసం చదువుతోంది. పరుపులు కుట్టే తండ్రి గఫూర్ కూతురికి కొత్త చెప్పులు కొనిచ్చి మంత్రిగారి దగ్గరికి పంపాడు.

సిద్దికా ఉన్న సంగతి చెప్పింది. మానసిక వైద్యుడు కావాలంటే ఎంబీబీఎస్ చదవాలి, హౌస్ సర్జన్ చేయాలి, ఆపైన సైకియాట్రీలో పీజీ చేయాలి. మందులు రాసేది వాళ్లే. తనది వేరే దారి. ఎమ్మే తర్వాత రోగుల మధ్య శిక్షణ పొంది రిజిస్టరైతేనే క్లినికల్ సైకాలజిస్టు. అప్పుడు కూడా మాటలతో చికిత్సే గాని మందులు రాయకూడదు. తానింకా ఆ శిక్షణ గుమ్మం తొక్కనే లేదు.

మంత్రిగారు ఓపిగ్గా విన్నారు.

"మాకూ స్టేజీలుంటాయమ్మా. శంకుస్థాపన, ప్రారంభోత్సవం. మధ్యలో ఇంకేవో ఉంటాయనుకుంటే పనులు సాగవు. నీకు శంకుస్థాపన అయిపోయింది. సోమవారం ప్రారంభోత్సవం."

సోమవారం మానసిక వైద్య కేంద్రమంటూ షామియానా వేశారు. 'డాక్టర్ సిద్దికా' అని బోర్డు కట్టారు. ఎవరిదో తెల్లకోటు తెచ్చి ఆమెకు తొడిగారు. మంత్రిగారికన్నా ముందు సుబ్బరావమ్మ అనే రైతు భార్య, భర్త పేరయ్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కోల్డ్ స్టోరేజీలో మిర్చి అలాగే ఉండిపోయింది. మనిషికి నిద్ర లేదు. మంచం కిందికి పురుగుమందు డబ్బా చేరింది.

"ఏదో ఒక మందు రాయమ్మా, నిద్రపడితే చాలు," అంది సుబ్బరావమ్మ.

సిద్దికా పక్కన కూర్చుని, చనిపోవాలనిపిస్తోందా అని పేరయ్యను సూటిగా అడిగింది. ఆయన తలూపాడు. మంత్రిగారి ఫోటో అచ్చేసిన మందుచీటీల పుస్తకం ఎదురుగానే ఉంది.

"నేను డాక్టర్ని కాదండీ. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను, పదండి," అంది.

కోటు విప్పి కుర్చీకి తగిలించి, ఇద్దరినీ ఆటోలో గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి సైకియాట్రిస్టు పేరయ్యను చేర్చుకున్నాడు. ఆయనకు నిద్ర పట్టేదాకా ఆమె అక్కడే కూర్చుంది.

ఇక్కడ డాక్టరూ రోగీ లేకపోయినా మంత్రిగారు చలించలేదు. పార్టీ మండల కార్యదర్శి కోటు తొడుక్కున్నాడు. వార్డు మెంబరు రోగిగా కూర్చుని, పూర్తిగా తగ్గిపోయిందని పత్రికలవారికి చెప్పాడు. ఫోటో చక్కగా వచ్చింది.

పేరయ్య కోలుకుని ఇంటికొచ్చేసరికి సుబ్బరావమ్మ ఆ డబ్బాను కొట్లో తిరిగిచ్చేసింది. ఆ వారమే సిద్దికాకు మెమో అందింది: డ్యూటీలో ఉండగా కేంద్రం విడిచి వెళ్లినందుకు ఆమె మెడికల్ రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో తెలపాలి.

గఫూర్ దాన్ని చదివించుకుని విన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"రద్దు చేస్తామంటున్నారంటే, నీకు వచ్చేసినట్టేగా అమ్మా?"