మా వీధి చుట్టూ సముద్రం

ఊరంటే ఇళ్లు, మనుషులు, గాడిదలు అని ఇప్పటికీ నమ్మే అమాయకులు ఉన్నారు. ఊరంటే పటం. పటంలో ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు. ఈ సత్యాన్ని లోకానికి చాటిన ఘనత, ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ బస్సు ఆగీ ఆగకుండా పోయే మా గవిపేట పంచాయతీ బోర్డుది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, ఊరికొక గొప్పవాడు ఉండితీరాలని బోర్డు తీర్మానించింది. వెతికితే మా వీధిలోనే ఒకడు దొరికాడు. పేరు యేసేపు. పగలు జిన్నింగు మిల్లులో పత్తి తూకం వేస్తాడు. మిగిలిన వేళల్లో మాంత్రికులనూ ఎగిరే గుర్రాలనూ పెట్టి జానపద నవలలు రాస్తాడు. పదకొండు రాశాడు. (బోర్డులో వాటిని చదివినవారు ఎవరూ లేరు కాబట్టి తీర్మానం ఏకగ్రీవమైంది.) ఆయన గౌరవార్థం ఊరి బొమ్మల పటం గీయించాలన్నారు. నవలల్లోని చోట్లన్నీ అందులో ఉండాలి, వీధికొకటి చొప్పున. గీసే పని, పత్తి బేళ్ల మీద మార్కాలు వేసే నాకు పడింది. నాలుగో తరగతిలో బడి మానేసినవాణ్ణి గనుక సొంత ఆలోచనలేవీ కలపనని పటాల అధికారి బసవన్న నమ్మకం.

వీధుల పంపకం మీటింగు మూడు రోజులు నడిచింది. షరాబుల వీధికి రాజభవనం ఇచ్చారు. అంగళ్ల వీధి మాకూ రాజభవనమే కావాలంది. ఇచ్చారు. మూడో రోజుకు ఊళ్లో ఏడు రాజభవనాలు, నాలుగు ఉద్యానవనాలు, ఒక్క రాజకుమార్తె తేలారు. ఆమెను వంతులవారీగా ఉంచుకోవాలని ఉపనిబంధన. మిల్లు యజమాని తన పొగగొట్టం మీద ఎగిరే గుర్రం వాలాలన్నాడు, వాలింది. ఒంటికంటి రాక్షసుడి దీవిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మా వీధివాళ్లు మీటింగుకు పోలేదు, నీళ్లకు పోయారు. దీవి మాకు వచ్చింది.

నీళ్లంటే మైలు దూరంలో దిగుడు బావి. ఒక్క కొళాయి వేయించండని ఆరేళ్లుగా అర్జీలు పెడుతున్నాం.

రాజభవనాలకే పసుపూ ఎరుపూ అయిపోయి, నా దగ్గర నీలం మిగిలింది. మన వీధే కదా అని దీవి చుట్టూ ధారాళంగా సముద్రం పోశాను. అలలు, సుడిగుండాలు, నవ్వే తిమింగలం. యేసేపు భార్య సువార్తమ్మ నెత్తిన కడవతో పోతూ మా అరుగు దగ్గర ఆగి చూసింది.

"ఇన్ని నీళ్లు పోసినావు, ఒక బొక్కెన గీయలేకపోతివా అన్నా?" అంది.

బొక్కెన కూడా గీశాను.

యేసేపుకు శాలువా కప్పి, పటాన్ని బోర్డు ఆఫీసులో తగిలించారు. అక్కడ అంతకుముందున్న సర్వే పటాన్ని చెదలు తినేశాయి, మేకు ఒక్కటే మిగిలి ఉంది. ఆ మేకుకు ఏది వేలాడితే అదే ఊరు.

ఆ వారమే మా ఏడో అర్జీ బసవన్న బల్ల మీదికి చేరింది. ఆయన న్యాయమైన మనిషి. లేచి పటం దగ్గరికి పోయి, రూళ్లకర్రతో కొలిచి మరీ రాశాడు: "సదరు వీధికి నలువైపులా నీరు. బొక్కెన కలదు. కొళాయి అనవసరం."

నేనూ యేసేపూ ఆఫీసుకు పోయాం.

"ఆ సముద్రం నువ్వే కదప్పా రాసినావు?" అన్నాడు బసవన్న యేసేపుతో.

"రాసినాను సార్."

"అయితే అబద్ధం రాసినావా?"

అబద్ధమైతే శాలువా వాపసు చేయాలట, పటం దించాలట, ఏడు రాజభవనాల వాళ్లకు యేసేపే జవాబు చెప్పుకోవాలట. యేసేపు పటం దగ్గరికి పోయి సముద్రం మీద వేలు పెట్టాడు. పదకొండు నవలల అనుభవం ఊరికే పోలేదు.

"అబద్ధం కాదు సార్. అది ఉప్పు సముద్రం. తాగేదానికి పనికిరాదు."

బసవన్న ముఖం వెలిగింది. ఆరేళ్లలో మా వీధి నుంచి నిబంధనలకు లోబడి వచ్చిన మొదటి మాట అది. ఉప్పని తేలితే కొళాయి ఖాయమన్నాడు. రుచి నిర్ధారణాధికారి హోదాలో (ఆ హోదా అప్పుడే పుట్టింది) శుక్రవారం తానే వస్తానని, సముద్రజలం ఒక చెంబు సిద్ధంగా ఉంచమని చెప్పాడు.

వీధంతా సంబరం. కొళాయి ఎవరి గడప ముందు ఉండాలన్న దాని మీద అప్పుడే రెండు కొట్లాటలు కూడా అయ్యాయి. పని చూస్తే సులువు: చెంబెడు బావి నీళ్లు, గుప్పెడు ఉప్పు. సువార్తమ్మకు అప్పజెప్పాం.

మే నెల, మిట్టమధ్యాహ్నం. బసవన్న గొడుగు వేసుకుని, సముద్రాన్ని చెప్పులతో దాటి వచ్చాడు. చెంబు ఎత్తాడు. గడగడా ఖాళీ అయ్యేదాకా దించలేదు. మీసాలు తుడుచుకుని, "ఇంకొక చెంబు ఉందేమ్మా?" అన్నాడు.

ఆయన పోయాక, ఉప్పు ఎంత వేశావని సువార్తమ్మను అడిగాం.

"చిటికెడు," అంది. "మైలు మోసిన నీళ్లన్నా. పాడు చేసేదానికి చెయ్యి రాలేదు."

 ఆమెను ఒక మాట అనడానికి ఆ వీధిలో పుట్టనివాడు కావాలి.

సోమవారం ఉత్తర్వు వచ్చింది. సముద్రజలం మిక్కిలి రుచిగా ఉన్నట్టు రుజువైనందున కొళాయి అర్జీ శాశ్వతంగా మూసివేయబడినది. ఎండాకాలం గనుక, రాజభవనాలు గల ఏడు వీధులవారు కూడా ఇకపై సదరు సముద్రం నుంచే నీరు పట్టుకొనవచ్చును.

మంగళవారం షరాబుల వీధి నుంచి పీపాల బండి వచ్చి మా మలుపులో నిలబడింది. వచ్చినవాళ్లకు మంచం వాల్చి మర్యాదగా కూర్చోబెట్టాం. మా వీధికి ఎవరైనా ఏదైనా అడగడానికి రావడం అదే మొదటిసారి.