పాలసొర తెచ్చిన అల్లుడు

ఆ రోజు పొద్దున ఆదిశేషమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండింటికి నర్సు మహాలక్ష్మి వచ్చి మనవరాలి బరువు చూసేలోగా కూతురు బిందుకు పాలసొర పులుసు తినిపించాలి. పాలసొర అంటే చిన్న సొరచేప. జువ్వలదిన్నెలో బాలింతకు పాలు పడాలంటే అదే పెడతారు. పుట్టి పదిహేను రోజులైనా పిల్ల పిడికెడంతే ఉందని ఆదిశేషమ్మ దిగులు. బరువు పెరగకపోతే ఈరోజే డబ్బాపాలు మొదలుపెడతానని తేల్చి చెప్పింది. బిందుకేమో తన బిడ్డకు తన పాలే పట్టాలని పట్టుదల.

తుఫాను హెచ్చరికతో నాలుగు రోజులుగా పడవలు కదల్లేదు, ఊళ్ళో చేప దొరకడం లేదు. అందుకని నాయుడుపేట నుంచి వస్తున్న అల్లుడు కిషోర్ బాబుకు ఫోన్ చేసింది.

"కావలిలో దిగి పాలసొర తీసుకురా అబ్బయా. లేతయ్యి చూసి రెండు తీసుకో. పెద్దయ్యి వద్దు."

"అట్టనే అత్తా."

కిషోర్ బాబుది వరి పండించే ఇల్లు. అతనికి తెలిసిన సొర పందిరికి కాస్తుంది. పాలూ, సొరకాయా అనుకున్నాడు. పాలు ఎన్ని లీటర్లో అడిగేలోగా ఫోన్ కట్టయింది. మళ్ళీ చేసి అడగొచ్చు కదా అంటారా? అల్లుడు గారికి నామోషీ! గోరు గుచ్చి చూసి మరీ రెండు లేత సొరకాయలు ఏరాడు. తక్కువైతే బాగుండదని పాల ప్యాకెట్లు ఎనిమిది కొన్నాడు.

ఆటో దిగగానే పక్కింటి వెంకటశేషమ్మ ఎదురైంది.

"ఇన్ని పాలెవరికి అబ్బయా?"

"బిందుకే. అత్త తెమ్మనింది."

"అయ్యో తల్లీ!" అంటూ ఆమె వీధిలోకి నడిచింది. ఇంకేముంది, బిందుకు పాలు ఎండిపోయాయన్న వార్త ఆ మూల నుంచి ఈ మూలకు పాకింది.

పెరట్లో మనవరాలికి నీళ్ళు పోస్తున్న ఆదిశేషమ్మ, "సంచి వంటింట్లో పెట్టు నాయనా" అని కేకేసింది. ఆమె చేతులు తుడుచుకునేలోగా ఒకావిడ చెంబుతో గేదెపాలు తెచ్చింది. ఇంకొకావిడ పాలపొడి డబ్బా, సీసా తెచ్చింది. ఎదురింటి చిన్నపోలయ్య ఏకంగా మేకనే తోలుకొచ్చి గుమ్మం దగ్గర కట్టేశాడు.

"మేకపాలు చలవమ్మా. పితుక్కోవడం మీకొస్తే సరే, లేకుంటే నేనుండా."

బిందుకు పాలు ఎండిపోయాయని ఆదిశేషమ్మ వాళ్ళ నోటనే విన్నది. ఊరంతా అంటున్నారంటే నిజమే అయ్యుంటుందనుకుంది. పొయ్యి మీద నీళ్ళు పెట్టి డబ్బా మూత తీసింది. అది చూసి బిందు ఘొల్లుమంది.

"నాకు పాల్లేవని ఎవరు చెప్పినారమ్మా? నన్నొక్కమాట అడిగినారా?"

సరిగ్గా అప్పుడే మహాలక్ష్మి వచ్చింది. మేకను దాటుకుని లోపలికొచ్చి, డబ్బా చూసి ఆగింది.

"మూత పెట్టు పెద్దమ్మా. పిల్ల రోజుకు ఎన్ని గుడ్డలు తడుపుద్ది?"

"ఏడెనిమిది."

"తాగకుండానే తడుపుద్దా?"

ఆదిశేషమ్మ డబ్బాకు మూత పెట్టింది. మహాలక్ష్మి పాపను తూచింది. పుట్టినప్పుడు రెండు కేజీల ఎనిమిది వందలు. ఇప్పుడు మూడు కేజీల నూట యాభై. బిందు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ క్షణాన ఆమెకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

"ఉక్కగా ఉండాది గదా మేడం, మంచినీళ్ళన్నా పట్టొద్దా?" అని అడిగాడు కిషోర్ బాబు.

"ఆరు నెలలు చుక్క కూడా వద్దయ్యా. కావాల్సిన నీళ్ళు తల్లిపాలలోనే ఉండాయి. ఆ పాలు తాగే పిల్లకు విరేచనాలు, జబ్బులు తక్కువ. తల్లికీ మంచిదే. గర్భసంచి తొందరగా సర్దుకుంటది, ముందుముందు రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా తగ్గుద్ది."

"తల్లికి గూడానా!" కిషోర్ బాబు నోరు తెరిచాడు.

"పిల్ల తాగేకొద్దీ పాలు ఊరతాయి. డబ్బా పట్టిస్తే తాగేది తగ్గుద్ది, ఊరేదీ తగ్గుద్ది. అంతే లెక్క."

"పాలసొర తినకముందే ఇట్టుంటే, తింటే ఎట్టుంటదో!" అంటూ ఆదిశేషమ్మ హుషారుగా వెళ్ళి సంచి విప్పింది. "ఏంది అబ్బయా ఇది?"

"మీరు చెప్పిందే అత్తా. పాలు... సొర..."

ఇల్లంతా గొల్లున నవ్వింది. బిందు కుట్లు నొప్పెట్టేదాకా నవ్వింది. కిషోర్ బాబు మాత్రం మేక వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

వీధి అంత తేలిగ్గా వదులుతుందా?

"సొరకాయ ఇంట్లోకొచ్చిన యాళా విశేషం. చూడండి, పిల్ల ఎట్టా తూగిందో!" అంది వెంకటశేషమ్మ.

"మా మేక గుమ్మమెక్కినాకే గదా తూచింది?" అన్నాడు చిన్నపోలయ్య.

మాటా మాటా పెరిగింది. పిల్ల తూగింది తల్లిపాలతోనేనని మహాలక్ష్మి మొత్తుకుంటున్నా వినే నాథుడు లేడు. ఈ గోలకు పాప లేచి ఏడ్చింది. బిందు ఎత్తుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

పాప ఎవరి అభిప్రాయమూ అడక్కుండా పాలు తాగేసి నిద్రపోయింది.