తేనెటీగలకు ఆదివారం సెలవు

తేనెటీగలకు వారానికి ఒకరోజు సెలవు మంజూరు చేస్తూ మా భవన నివాసుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేయడానికి, కార్యదర్శిగా నేను ఎంతో గర్విస్తున్నాను.

విషయం చిన్నదే. మా సంఘం ఆడవాళ్లు నెలనెలా కింది హాలు పక్క వంటగదిలో తేనెమైనం, నూనె కలిపి కరిగించి, పెదాల, చేతుల పగుళ్లకు లేపనం చేస్తారు. ‘అంతా మా చేతులతో చేసిందే’ అని బంధువులకు పంచుతారు. గిన్నెలు తోమేది మాత్రం గిన్నెలావిడ. గిన్నెకు అంటుకున్న మైనం ఒక పట్టాన వదలదు. సలసల కాగే నీళ్లు పోసి, సోడా చల్లి, గీకి గీకి వదిలించాలి. అందుకే ఆవిడ అరచేతులు చీలికలు చీలికలుగా ఉంటాయి. ఇది చర్చనీయాంశం కాదు, మళ్లీ మరిచిపోతానని రాశాను.

పోయిన నెల మా అధ్యక్షురాలు ఎక్కడో చదివారు, మైనం కోసం తేనెటీగలు బోలెడు తేనె తిని ఒళ్లు కరిగించుకోవాలట. ఆవిడ గుండె చెరువైంది. “నోరులేని జీవాల కడుపుకొట్టి మనం పెదాలు మెరిపించుకుంటున్నామా?” అని సభలో అడిగారు. సభ్యులంతా పెదాలు తుడుచుకున్నారు. మైనం మానేద్దామని ఒకరన్నారు. మానేస్తే లేపనం గట్టిపడదని రెండో అంతస్తు పిన్నిగారు గుర్తుచేశారు. అంతరాత్మా చల్లబడాలి, లేపనమూ గట్టిపడాలి. కాబట్టి ఆదివారం సెలవున్న ఈగల మైనమే కొనాలని తేల్చారు.

ఈగలు పెంచేవాణ్ణి పిలిపించి హామీపత్రం ముందు పెట్టాం.

“ఆదివారమని వాటికి నేనెలా చెప్పేదండీ?” అన్నాడు.

“అది యాజమాన్యం చూసుకోవాలి,” అన్నారు అధ్యక్షురాలు. నెమ్మదస్తుడు, సంతకం పెట్టాడు.

అప్పుడే టీ కప్పులు తీయడానికి గిన్నెలావిడ వచ్చింది. “అమ్మా, ఈ ఒక్క ఆదివారం నాకూ సెలవిప్పించండి, చేతులు కాస్త మానతాయి. రాత్రి అన్నం కలుపుకుంటే భగ్గున మండుతున్నాయి. ఓ డబ్బా లేపనం ఇచ్చినా మీకు పుణ్యముంటుంది.”

అధ్యక్షురాలు ఎంతో ప్రేమగా చెప్పారు. “ఒక్కో డబ్బాలో ఎంత కష్టముందో నీకు తెలీదమ్మా. తెలిస్తే పూసుకోబుద్ధి కాదు. పైగా ఆదివారం తేనెటీగల కృతజ్ఞతా సభ. వందమంది వస్తారు. కప్పులెవరు కడుగుతారు?”

“అయితే వచ్చే జన్మలో ఈగనై పుడతాలెండి,” అని ఆవిడ కప్పులు పట్టుకుపోయింది. సభ్యులు చప్పట్లు కొట్టారు. ‘శ్రామికులు సైతం తేనెటీగలకు సంఘీభావం ప్రకటించారు’ అని నేను మినిట్స్‌లో రాశాను.

ఆదివారం సభ దిగ్విజయంగా జరిగింది. ‘దీని తయారీలో ఏ శ్రమజీవీ బాధపడలేదు’ అని ముద్రించిన చీటీలు డబ్బాలకు అంటించాం. మధ్యలో ఒక ఈగ, సెలవు సంగతి తెలియదేమో, వేదిక మీది పూలకుండీకి పనికొచ్చింది. అందరూ లేచి దానికి దారి వదిలారు. అదే దారిన మరిగే నీళ్ల గిన్నె మోసుకొస్తున్న గిన్నెలావిడను పక్కకు తప్పుకోమన్నారు.

ఇక్కడిదాకా చదివి మీరూ నిట్టూర్చే ఉంటారు. మంచి మనసు మీది. చదువుతూ తాగిన కప్పు సింకులో అలాగే వదిలేశారు కదూ? పరవాలేదు, ఉండనివ్వండి. రేపు ఆదివారమైనా మీ గిన్నెలావిడా వస్తుంది.